వాంతి అయిందని చెబితే కరెంటు ఆపేస్తారా?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా బాబుకు ఏడేళ్లు. చిన్నమెదడులో గడ్డ ఉందని మార్చి నెలాఖరులో హైదరాబాదులో ఆపరేషన్ చేసి తీశారు. తలలో నీరు చేరకుండా షంట్ గొట్టం పెట్టారు. మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ అని రిపోర్టు వచ్చింది. మే మొదటి వారం నుంచి కరెంటు (రేడియేషన్) పెడుతున్నారు. మొత్తం 30 సిట్టింగులు. మొదటి 13 తలకూ వెన్నుకూ, తర్వాత 17 గడ్డ ఉన్న చోట మాత్రమే అన్నారు. వారానికోసారి విన్‌క్రిస్టిన్ సూదిమందు కూడా ఇస్తున్నారు. ఇప్పటికి 11 సిట్టింగులు అయ్యాయి. రోజూ వాంతులు. వాంతి అయినప్పుడల్లా మాత్ర వేస్తున్నాం. నాలుగు రోజులుగా దొడ్డికి వెళ్లలేదు. గొంతు నొప్పంటాడు, రెండు ముద్దలు తిని లేచిపోతాడు. చెవుల వెనక నల్లబడింది, జుట్టు కుచ్చులుగా ఊడుతోంది. మాస్కు బిగించేటప్పుడు ఏడుస్తున్నాడు. మా అత్తగారు ఒళ్లంతా వేడి చేసిందనీ, మూడేళ్ల చెల్లెలిని వాడి దగ్గర పడుకోబెట్టవద్దనీ అంటున్నారు, బొప్పాయి ఆకు రసం, తిప్పతీగ రసం పోయమంటున్నారు. అమెరికాలో ఉన్న మా మరిది ప్రోటాన్ అనే వేరే రకం కరెంటు అయితే మంచిది, అక్కడికి మార్చమంటున్నాడు. కరెంటుతో తెలివి తగ్గిపోతుందని పక్క మంచం వాళ్లు చెప్పారు. వాంతులు, గొంతు నొప్పి సంగతి డాక్టరుకు చెబితే పిల్లవాడు తట్టుకోలేడని కరెంటు ఆపేస్తారేమోనని భయపడి, బాగానే ఉన్నాడని చెబుతున్నాను. తప్పు చేస్తున్నానా? వాడు కొత్త ఆవకాయతో అన్నం పెట్టమంటున్నాడు, పెట్టవచ్చా?
— ఒక తల్లి

జవాబు:

అమ్మా, ముందుగా మీ భయం సంగతి చూద్దాం. వాంతులవుతున్నాయని చెబితే కరెంటు ఆపరు, వాంతి మందు మారుస్తారు. చెవి వెనక తోలు లేచిందంటే పూతమందు రాస్తారు. తినడం లేదంటే బరువు తూచి, ఏం పెట్టాలో చెప్పే మనిషిని పిలుస్తారు. ఇవేవీ చెప్పకుండా నెట్టుకొస్తే ఒకరోజు పిల్లవాడు ఒంట్లో నీరు ఇంకిపోయి, జ్వరంతో, రాత్రివేళ ఎమర్జెన్సీకి వస్తాడు. వైద్యం ఆగేది అప్పుడు.

నేను పనిచేసిన ఒక వార్డులో ఒక తండ్రి ఉండేవాడు. ఆయన కూతురికి మీ బాబు వయసే. ఎలా ఉందని ఎప్పుడడిగినా "బాగుందమ్మా" అనేవాడు. మూడో వారంలో తూకం వేస్తే పద్దెనిమిది కిలోల పాప పదహారున్నరకు దిగింది. బుగ్గలు లోపలికి పోయి మాస్కు వదులైంది. మాస్కు వదులైతే తల కదులుతుంది, తల కదిలితే కిరణాలు గురి తప్పుతాయి. కొత్త మాస్కు చేసి, మళ్లీ స్కాన్ తీసి, లెక్కలన్నీ తిరగవేసేసరికి నాలుగు రోజులు పోయాయి. "చెబితే వద్దంటారేమోనని" అన్నాడు, మీరు రాసిన మాటే. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఎలా ఉందని అడుగుతూనే జవాబు వినకుండా కేసు షీటు మీద రాసుకుంటూ పోయే మా తీరు మీద వచ్చింది. మీ డాక్టరు కూడా హడావిడిలో అడుగుతూ ఉండవచ్చు. అందుకే చిన్న నోటుబుక్కు ఒకటి కొనండి. ఎన్నిసార్లు వాంతి, ఏ వేళకు, ఏం తిన్నాడు, దొడ్డికి వెళ్లాడా, జ్వరం ఎంత, ఈ అయిదూ రోజూ రాయండి. నోటితో చెప్పలేనిది పుస్తకం తెరిచి చూపించవచ్చు.

రోజులు పోకూడదని ఎందుకు ఇంతగా పట్టుబడతామంటే, ఈ జబ్బులో కరెంటు మోతాదుతో పాటు దాన్ని ఎన్ని రోజుల్లో పూర్తి చేశామన్నది కూడా ముఖ్యం. ఐరోపాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో 50 రోజుల లోపు పూర్తిచేసిన పిల్లలు అంతకు మించి సాగినవారికంటే మెరుగ్గా ఉన్నారు. శని, ఆదివారాల విరామం మంచి కణాలు తేరుకోవడానికి ముందే లెక్కలో వేసుకున్నది. మిషను చెడి ఒకరోజు పోతే దాన్ని ఎలా సర్దాలో వాళ్లు చూసుకుంటారు. అమావాస్య అనో, మేనమామ పెళ్లి అనో మనంతట మనం మానే రోజుకు మాత్రం లెక్కలో చోటు లేదు.

ఇక "వేడి" సంగతి. మనవైపు దీన్ని కరెంటు అంటాం కాబట్టి లోపల ఏదో కాలుతుందని అనుకోవడం సహజం. కానీ కిరణాలు పడుతున్నప్పుడు పిల్లవాడికి వేడీ తెలియదు, షాకూ తెలియదు. ఎక్స్‌రే తీసినట్టే ఉంటుంది. ఆ కిరణాలు కణాల్లోని డీఎన్ఏను తెంచుతాయి. తెగిన కణం రెండుగా చీలబోయినప్పుడు చచ్చిపోతుంది. గడ్డ కణాలు ఎప్పుడూ చీలుతూనే ఉంటాయి కాబట్టి వాటికి దెబ్బ ఎక్కువ. మన ఒంట్లో కూడా అలా నిత్యం చీలుతూ ఉండేవి కొన్ని ఉన్నాయి: గొంతు లోపలి పొర, జుట్టు కుదుళ్లు, చర్మం, ఎముక మూలుగ. అందుకే ఈ బాధలు మొదటి రోజునే రాకుండా రెండో వారంలో మొదలవుతాయి. మీరు రాసిన గొంతు నొప్పి, చర్మం నల్లబడటం, జుట్టు ఊడటం ఆ ఒక్క కారణం నుంచే వచ్చాయి. మీ అత్తగారు చలవ చేస్తుందని మజ్జిగ, సబ్జా గింజల నీళ్లు, బార్లీ జావ ఇస్తే ఇవ్వనివ్వండి. ఆమె చెప్పే కారణం సరికాకపోయినా ఈ ఎండల్లో మజ్జిగ మంచిదే.

బొప్పాయి ఆకు, తిప్పతీగ మాత్రం వద్దు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశపు కాలేయ వైద్యులే నమోదు చేశారు. మీ బాబుకు ఇస్తున్న విన్‌క్రిస్టిన్‌ను విరిచి బయటికి పంపవలసింది ఆ కాలేయమే. బొప్పాయి ఆకు చేదుకు ఉన్న రెండు ముద్దలూ వాంతిలో పోతాయి.

వాంతుల విషయంలో మీరు చేస్తున్న పొరపాటు చిన్నదే గానీ రోజంతా ఏడిపిస్తోంది. వాంతి మాత్ర అంటే మీరు వేస్తున్నది ఒండాన్‌సెట్రాన్ అయి ఉంటుంది. అది వాంతి అయ్యాక వేసేది కాదు, వాంతి రాకుండా ముందే వేసేది. సిట్టింగుకు అరగంట నుంచి గంట ముందు వేయాలి. పదకొండింటికి పిలుస్తారంటే పదింటికల్లా వేసేయండి. ఆసుపత్రిలో వరుసలో కూర్చున్నాక గుర్తొస్తే ఆలస్యమైనట్టే. వేసిన కాసేపటికే కక్కేస్తే మళ్లీ వేయాలా అని నర్సును అడగండి. ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి, కడుపు నింపి కూడా తీసుకెళ్లకండి. రెండు గంటల ముందు ఒక ఇడ్లీయో, నాలుగు మరమరాలో సరిపోతుంది. పొద్దున సిట్టింగు అయినవాళ్లకు సాయంత్రానికి ఆకలి వేస్తుంది. ఆ పూట అసలు భోజనం అనుకోండి. ఇంత చేసినా తగ్గకపోతే వేరే మందు జత చేస్తారు, మందులకు కొదవ లేదు. నోటుబుక్కులో రాసి చూపిస్తే చాలు.

అన్ని వాంతులూ కరెంటు వల్లనే అనుకోకండి. ఈ ఒక్క ముక్క మీ ఆయన చేత కూడా చదివించండి. కరెంటు వాంతి సాధారణంగా సిట్టింగు తర్వాత కొన్ని గంటల్లో వస్తుంది, అయ్యాక పిల్లవాడు తేలికపడతాడు. షంట్ మూసుకుపోతే వచ్చే వాంతి వేరు. పొద్దున లేస్తూనే తలనొప్పితో వస్తుంది, పిల్లవాడు మత్తుగా ఉంటాడు, పిలిస్తే సరిగా పలకడు, వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయంటాడు, నడక ఇంకా తూలుతుంది. ఇలా ఉంటే సిట్టింగు వేళ దాకా కూర్చోకండి. అర్ధరాత్రయినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి "షంట్ ఉన్న పిల్లవాడు" అని మొదటి మాటగా చెప్పండి. ఆ మాట వింటే వాళ్ల అడుగులు వాటంతటవే వేగమవుతాయి.

నాలుగు రోజుల మలబద్ధకాన్ని మీరు మధ్యలో ఒక్క పంక్తిలో తేలికగా రాసేశారు, నాకు మాత్రం అది తేలికగా అనిపించలేదు. విన్‌క్రిస్టిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది. ఒండాన్‌సెట్రాన్ కూడా ఆ పనే చేస్తుంది. రెండూ కలిశాక పిల్లవాడు కదలక, నీళ్లు తాగక పడుకుంటే పేగు మొరాయిస్తుంది. కడుపు బిగిస్తే తిండి సహించదు, వాంతి ఇంకా పెరుగుతుంది. రేపే చెప్పండి. సాధారణంగా లాక్టులోజ్ లాంటి తియ్యటి సిరప్ రాస్తారు. దాన్ని రెండు రోజులు వాడి మానేయకుండా, సూదిమందు ఉన్నంతకాలం ఎలా వాడాలో అడగండి. పల్లెలో చేసినట్టు సబ్బుముక్క పెట్టడం, ఎనిమా ఇవ్వడం వద్దు. తెల్లకణాలు తక్కువగా ఉన్నప్పుడు అక్కడ చిన్న గీత పడినా సూక్ష్మక్రిములు రక్తంలోకి పోతాయి. విన్‌క్రిస్టిన్‌కు ఇంకో గుణం ఉంది. దవడ నొప్పి రావచ్చు, కాలి మడమ ముందు ఆనవలసింది పోయి వేళ్లు ఈడ్చుకుపోవచ్చు, కనురెప్ప వాలవచ్చు. చెప్పుల ముందుభాగం అరిగిపోతోందంటే అదే గుర్తు. చూస్తే చెప్పండి.

గొంతు నొప్పికి కారణం వెన్నుకు వేసే కిరణాలే. వెన్నెముక ముందే అన్నవాహిక ఉంటుంది, వీపు మీద పడిన కిరణం దాన్ని దాటుకుంటూ పోతుంది. మీరు రాసిన లెక్క ప్రకారం 13వ సిట్టింగుతో వెన్ను భాగం అయిపోతుంది. ఈ జవాబు మీకు చేరేసరికి అది దాటే ఉంటారు. ఆ తర్వాత ఒకటి రెండు వారాల్లో గొంతు నెమ్మదిస్తుంది, వాంతులు కూడా చాలామందికి తగ్గుతాయి. అంతవరకు మెత్తగా, చల్లగా, కారం పులుపు లేకుండా పెట్టండి. మెత్తగా కలిపిన పెరుగన్నం, చల్లార్చిన రాగిజావ, అరటిపండు గుజ్జు, బాగా ఉడికిన గుడ్డు, నెయ్యి వేసిన పప్పన్నం. కంచం నిండా పెట్టి తినమని బతిమాలకండి. రెండు గంటలకోసారి చిన్న గిన్నెలో నాలుగు చెంచాలు పెట్టండి. జావలో పాలపొడి, పప్పులో నెయ్యి ఎక్కువ వేస్తే నాలుగు చెంచాల్లోనే ఎక్కువ శక్తి వెళుతుంది. తిన్నాక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా తినే సోడా కలిపి పుక్కిలించి ఉమ్మించండి. మెత్తని బ్రష్షు వాడండి. ప్రతి సోమవారం ఒకే తూకం మీద, ఒకే రకం బట్టలతో బరువు చూడండి. ఇరవై కిలోల పిల్లవాడు కిలో తగ్గితే ఆ రోజే చెప్పాలి. ముక్కులో గొట్టం వేసి పాలు పోద్దామని వాళ్లంటే ఏడవకండి. తల్లి ఓడిపోయినందుకు వేసే గొట్టం కాదు అది. కొన్ని వారాల పని, తర్వాత తీసేస్తారు.

వెన్నెముకలోని మూలుగకు కూడా కిరణాలు తగిలాయి కాబట్టి రక్తకణాలు తగ్గుతాయి. వారం వారం రక్తపరీక్ష చేసేది అందుకే. తెల్లకణాలు తక్కువగా ఉన్న పిల్లవాడికి జ్వరం వస్తే మామూలు జ్వరం కింద తీసుకోకూడదు. 100.4 ఫారెన్‌హీట్ ఒక్కసారి చూపించినా గంటలో ఆసుపత్రికి బయలుదేరాలి. ముందు థర్మామీటరు పెట్టండి, ఆ తర్వాతే డాక్టరును అడిగి పారాసిటమాల్. ముందే మాత్ర వేస్తే జ్వరం దాక్కుంటుంది, ఇన్ఫెక్షన్ మాత్రం దాక్కోదు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇంట్లోనే ఉంచకండి. శనివారం ఊరికి వెళ్లినప్పుడు జ్వరం వస్తే సోమవారం హైదరాబాదులో చూపిద్దామని ఆగకండి. జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి వెళ్లి ఫైలు చూపించి, మీ హైదరాబాదు డాక్టరుకు అక్కడి నుంచే ఫోను చేయించి, మొదటి యాంటీబయాటిక్ అక్కడే పడేలా చూడండి. ఫైలు ఎప్పుడూ మీ సంచిలోనే ఉండాలి. ఒంటి మీద గోరుతో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపించినా ఇదే పద్ధతి. ప్లేట్‌లెట్లు తగ్గిన గుర్తులవి.

చెల్లెలి విషయంలో మీ అత్తగారి మాట వినవద్దు. బయటి నుంచి కిరణాలు వేసే ఈ వైద్యంలో మిషను ఆగాక పిల్లవాడి ఒంట్లో కిరణాలేమీ మిగలవు. వాడి చెమటలో, వాంతిలో, ముద్దులో ఏమీ ఉండదు. క్యాన్సర్ అంటుకునేదీ కాదు. ఒకే చాప మీద పడుకోనివ్వండి. ఆ పిల్ల దూరమైతే వాడికి వచ్చే దిగులుకు మా దగ్గర మందు లేదు. నిజానికి కాపాడవలసింది అన్నను చెల్లెలి నుంచి. ఆమెకు జలుబు, జ్వరం ఉంటే వేరే గదిలో పడుకోబెట్టండి. ఇరుగుపొరుగున ఆటలమ్మ సోకిన పిల్లలతో బాబు కలిస్తే, పొక్కులు వచ్చేదాకా చూడకుండా అదే రోజు డాక్టరుకు ఫోను చేయండి. పాపకు టీకాలు మానకండి గానీ, పోలియో చుక్కలు వేయించే ముందు ఇంట్లో ఇలాంటి పిల్లవాడు ఉన్నాడని చెప్పి సూది రూపంలో ఉన్న పోలియో టీకా అడగండి.

చర్మం సంగతి. మన రంగు పిల్లల్లో కరెంటు పడిన చోట ఎర్రబడటం కంటే నల్లబడటమే ముందు కనిపిస్తుంది. చెవి వెనక మడత, మెడ వెనక పొడుగునా ఎక్కువ. గోరువెచ్చని నీళ్లు, ఘాటులేని సబ్బు, మెత్తని గుడ్డతో అద్దడం, ఇంతే. సున్నిపిండి, శీకాయ, పసుపు, విభూతి వద్దు. కొబ్బరినూనె దట్టంగా రాసి సిట్టింగుకు తీసుకెళ్లవద్దు. చర్మం మీద మందపాటి పొర ఉంటే పైతోలుకు పడే మోతాదు మారుతుంది. ఏ పూత అయినా అడిగి, సిట్టింగు అయ్యాకే రాయండి. ఎండలోకి వెళ్లేటప్పుడు నూలు టోపీ, గొడుగు. మెడలో తాయెత్తు ఉంటే తీసి మీ కొంగుకు కట్టుకోండి. చర్మం చెమ్మగా మారి రసి కారితే చెప్పండి, దానికి వేరే కట్టు ఉంటుంది. జుట్టు తిరిగి వస్తుంది, కొన్ని నెలలు పడుతుంది. తల వెనక ఎక్కువ మోతాదు పడే చోట పలచగా రావచ్చు, కొందరికి రాకపోవచ్చు కూడా. ఊడుతున్నదాన్ని రోజూ దిండు మీద చూసే కంటే మిషనుతో పొట్టిగా కత్తిరించేయండి. మొక్కు ఉంటే గుండు ఇప్పుడు వద్దు, కత్తి గాటు పడుతుంది.

మాస్కు దగ్గర ఏడుపు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దీన్ని మందు లేకుండానే చాలావరకు తగ్గించవచ్చు. ఆ మాస్కు వేడినీళ్లలో మెత్తబడే తెల్లటి ప్లాస్టిక్ వల. తడి తువ్వాలులా ముఖం మీద పరిచి నొక్కితే నిమిషాల్లో ముక్కు, గడ్డం ఆకారానికి గట్టిపడుతుంది. దాన్ని బల్లకు బిగించినప్పుడు టక్ టక్‌మని వచ్చే చప్పుడుకే పిల్లలు సగం బెదిరిపోతారు. సిట్టింగు తర్వాత మీ బాబు బుగ్గల మీద వల గళ్లు కాసేపు కనిపిస్తాయి కదా, అవి మామూలే. గళ్లు లోతుగా పడి చాలాసేపు పోకపోతే మాస్కు బిగువైందన్నమాట. వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ వాడుతుంటే ముఖం ఉబ్బి ఇలా అవుతుంది. ఆ మాత్ర ఇస్తున్నట్టయితే సొంతంగా ఆపకండి, మెల్లగా తగ్గించాలి. మాస్కు బిగువైనా, వదులైనా టెక్నీషియన్‌కు చెప్పండి.

లోపల కిరణాలు పడేది కొన్ని నిమిషాలే, మిగతా సమయమంతా సరిగా పడుకోబెట్టడానికే పోతుంది. ఆ కొద్దిసేపూ గదిలో వాడు ఒక్కడే. దానికి పాత ఉపాయం ఒకటి ఉంది. పొడుగాటి నూలుదారం తీసుకెళ్లండి. ఒక కొస వాడి వేలికి వదులుగా చుట్టి, రెండో కొస తలుపు బయట మీరు పట్టుకోండి. టెక్నీషియన్ ఒప్పుకుంటారు, చాలాచోట్ల వాళ్లే ఇస్తారు. మీరు మెల్లగా ఒకసారి లాగితే అమ్మ ఇక్కడే ఉందని. మైకు ఉంటే వాడికి తెలిసిన కథ చెప్పండి, రోజూ ఒకే చోట ఆపి "మిగతాది రేపు" అనండి. మాస్కు మీద గుర్తులు లేని చోట వాడి చేత రంగు వేయించవచ్చా అని అడగండి. ఇవేవీ పనిచేయకపోతే మత్తు ఇచ్చి చేస్తారు. అప్పుడు ఘనాహారం, పాలు ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపాలని సాధారణంగా చెబుతారు. మీ వాళ్లు చెప్పిన వేళలే పాటించండి.

ఇంకొకటి ఇప్పుడే చెప్పి ఉంచాలి, లేకపోతే అప్పుడు బెంబేలెత్తిపోతారు. తలకు కరెంటు పూర్తయిన నాలుగు నుంచి ఎనిమిది వారాలకు కొందరు పిల్లలు రోజంతా నిద్రపోతారు. చిరాకు, తలనొప్పి, నలతగా ఉండటం, అన్నం వద్దనడం. మీ బాబుకు జూన్ మధ్యలో పూర్తవుతుంది కాబట్టి శ్రావణమాసం ప్రాంతంలో అనుకోండి. గడ్డ మళ్లీ వచ్చిందని తల్లిదండ్రులు హడలిపోయే సమయం అది. చాలాసార్లు కరెంటు తర్వాత మెదడు తేరుకుంటున్న దశ అది, ఒకటి నుంచి మూడు వారాల్లో దానంతటదే పోతుంది. అయినా షంట్ ఉంది కాబట్టి డాక్టరుకు చూపించి, ఇదే అని వాళ్ల నోట అనిపించుకోండి.

తెలివి గురించి అబద్ధం చెప్పను. మెదడుకు కిరణాలు పడితే కొంత ప్రభావం ఉంటుంది, వయసు చిన్నదైన కొద్దీ ఎక్కువ. అందుకే మూడేళ్ల లోపు పిల్లలకు మెదడంతటికీ కరెంటు పెట్టకుండా వీలైనంత వాయిదా వేస్తారు. ఒకప్పుడు ఈ జబ్బున్న పిల్లలందరికీ మెదడంతటికీ, వెన్నుకూ 36 గ్రే (కిరణాల మోతాదును గ్రేలలో కొలుస్తారు) ఇచ్చేవారు. తిరగబెట్టే ప్రమాదం తక్కువ ఉన్న పిల్లలకు, కీమో జత చేసి, దాన్ని 23.4 గ్రేకు తగ్గించారు. మీరు రాసిన 13 సిట్టింగులు, ఒక్కోటి 1.8 చొప్పున సరిగ్గా ఆ లెక్కే. మిగతా 17తో గడ్డ ఉన్న చోట 54 అవుతుంది. అంటే మీ బాబుది ఆ తక్కువ ప్రమాదపు జట్టు అని నాకు అర్థమవుతోంది. అలాంటి పిల్లల్లో, పూర్తి వైద్యం చేసిన విదేశీ అధ్యయనాల్లో, అయిదేళ్ల తర్వాత పదిమందిలో ఎనిమిదిమంది దాకా బాగున్నారు. ఈ మాట కూడా పక్క మంచం వాళ్లకు చెప్పండి.

నేర్చుకున్నది పోదు. కొత్తది నేర్చుకోవడంలో వేగం తగ్గుతుంది, ఏకాగ్రత నిలవదు, రెండు పనులు ఒకేసారి చెబితే ఒకటి మరిచిపోతాడు. అది ఈ ఏడాది కనిపించకపోవచ్చు, మూడో తరగతిలోనో నాలుగులోనో ఎక్కాల దగ్గర బయటపడుతుంది. బద్ధకమని కొట్టకుండా ఉండాలంటే మీకూ, టీచరుకూ ముందే తెలిసి ఉండాలి. ముందు బెంచీ, పరీక్షలో అదనపు సమయం, తక్కువ హోంవర్కు అడగండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి సదుపాయాలకు దారి ఇచ్చింది. ఆసుపత్రి నుంచి ఉత్తరం తెచ్చుకోండి. నడక తూలడం, చేతిరాత వంకరపోవడం మాత్రం ఎక్కువగా గడ్డ, ఆపరేషన్ల వల్ల వచ్చేవి. ఫిజియోథెరపీ ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. తర్వాతి కాలంలో ఆరు నెలలకోసారి ఎత్తు కొలవాలి, థైరాయిడ్ పరీక్ష చేయించాలి. కరెంటు తర్వాత ఇచ్చే కీమోలో సాధారణంగా సిస్‌ప్లాటిన్ అనే మందు ఉంటుంది, అది వినికిడిని తగ్గించవచ్చు కాబట్టి వినికిడి పరీక్ష క్రమం తప్పకూడదు. టీవీ శబ్దం పెంచుతున్నాడంటే అల్లరి అనుకోకండి.

మీ మరిది చెప్పింది తప్పు కాదు. ప్రోటాన్ కిరణం లక్ష్యం దగ్గర ఆగిపోతుంది, వెన్నుకు వేస్తే ముందున్న అన్నవాహిక, గుండె, పేగులకు దాదాపు పోదు. దాని కోసం అమెరికా వెళ్లనక్కరలేదు. చెన్నైలో అపోలో కేంద్రం 2019 నుంచి, నవీ ముంబైలో టాటా మెమోరియల్ కేంద్రం 2023 నుంచి ఆ వైద్యం చేస్తున్నాయి. కానీ గడ్డను అదుపు చేయడంలో రెండూ ఒకటే, తేడా పక్క అవయవాలకు తగిలే దానిలోనే. మొదలుపెట్టక ముందు అడిగి ఉంటే ఆలోచించమనేదాన్ని. ఇప్పుడు పదకొండు సిట్టింగుల తర్వాత ఊరు మార్చి, కొత్త ప్లాను వేయించి, మధ్యలో రెండు మూడు వారాలు పోగొట్టుకోవడం నష్టమే. ఆయనకు థ్యాంక్స్ చెప్పి, ఆ డబ్బు బాబు తిండికీ, గది అద్దెకూ పంపమనండి. గది అద్దె భారంగా ఉంటే ఆసుపత్రి సోషల్ వర్కర్‌ను కలవండి. క్యాన్సర్ వైద్యంలో ఉన్న పిల్లల కుటుంబాలకు ఉచిత వసతి ఇచ్చే సెయింట్ జూడ్స్ కేంద్రాలు హైదరాబాదులో, విశాఖలో ఉన్నాయి. ఆసుపత్రి ద్వారానే తీసుకుంటారు.

చివరగా ఆవకాయ. వాడు అడుగుతున్నాడంటే నాలుక బతికే ఉంది, నాకు మీ ఉత్తరంలో బాగా నచ్చిన పంక్తి అదే. ఇప్పుడు పెడితే గొంతు మండి, అన్నమంటేనే భయపడతాడు. వెన్ను సిట్టింగులు అయిపోయి, నీళ్లు తాగినప్పుడు నొప్పి లేదని వాడే చెప్పాక, ముద్దపప్పు అన్నంలో నెయ్యి ఎక్కువ వేసి, ఊటలో వేలు ముంచి కలిపినంత ఆవకాయతో ఒక ముద్ద పెట్టండి. పొడిచెంచాతో తీసి, చిన్న సీసాలో వాడి వాటా పక్కన పెట్టి మూత మీద పేరు రాయండి. ఎక్కడ పెట్టారో వాడికి చూపించండి.